తంత్రులు లేని తంబుర

గడచిన కార్తికమాసములో విజయనగరము పోయినపుడు, చిన్ననాడు నాకు సరళీవరుసలు చెప్పిన మాష్టారిని చూడబోయినాను. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా 1919లో సంగీత కళాశాల వెలసిన ఊరది. ఆ ఊరిలో ఈనాటికిని తెల్లవారుజామున ఏదో ఒక వీధిలో ఎవరో ఒకరు శ్రుతి చేసికొనుచునే యుందురు. మాష్టారి ఇంట మాత్రము ఆనాడు శ్రుతి వినబడలేదు. తంబుర మూలను గోడకు చేరబడి, పాత దుప్పటి గవిసెనలో నిలిచియున్నది.

"కీళ్ళు పట్టేశాయి నాయనా! బిరడా తిప్పడం నా చేత కావటం లేదు. మీటడం సరేసరి" అన్నారు మాష్టారు.

"శ్రుతిపెట్టె ఒకటి కొనియిస్తాను మాష్టారూ" అన్నాను.

"ఉంది. మనవడు తెచ్చాడు. మంచిదే. కాని ఒరేయ్, తంబుర తీగ మీటినప్పుడల్లా పుడుతుంది, పోతుంది. మళ్ళీ పుడుతుంది. ఆ పోవడంలో ఉంది నాకు పాట అందే చోటు. ఆ పెట్టెలో పోవడం లేదురా."

నేను విద్యుచ్ఛక్తి ఇంజనీరుగా పనిచేసి విరమించినవాడను. సాయంకాలములందు కంప్యూటరుపై శబ్దములు పుట్టించుట నాకొక వ్యసనము. ఆ వ్యసనబలము చేతనే "పుట్టి పోయే తంబుర నేను చేసియిస్తాను" అని మాట యిచ్చివచ్చినాను. ఇచ్చిన తరువాతగదా తెలిసినది, ఆ పనికి నా చేతిలోనున్న సాధనములు ఒకటి కాదు, నాలుగు! ఆ నాలుగింటిలో ఏది ఎట్టిదో, దేనిని ఎవరు ఎన్నుకొనవలెనో, ఆ రెండుమాసముల శ్రమలో నేను తెలిసికొన్నదే ఈ వ్యాసము.

ఏకాండి వీణయు, విడిభాగముల వాద్యమును

బొబ్బిలి వీణను ఎరుగని తెలుగువాడుండడు. పనసమ్రాను ఒకే మొద్దును తొలిచి, కుండయు దండియు వేరువేరు కాకుండ చేయు ఆ వీణను ఏకాండి వీణ యందురు. దాని నాదమునకు కారణము దాని అఖండత. ఇక ఇప్పుడు చెప్పబోవు వాద్యము దీనికి సరిగా విపర్యయమైనది. దానికి ఒడలు లేదు. ఉన్నవన్నియు విడిభాగములే. ఒక పెట్టె ధ్వనిని పుట్టించును, దానిని ఆసిలేటరందురు. ఒక పెట్టె ఆ ధ్వనిలోని కరకుదనమును వడపోయును, అది ఫిల్టరు. ఇంకొకటి ధ్వని ఎంత త్వరగా లేచి ఎంత మెల్లగా అణగవలెనో నిర్ణయించును. ఈ పెట్టెలను తీగలతో ఒకదానికొకటి కలుపువరకు వాద్యమే లేదు. కలిపిన తీరు మారినచో వాద్యమే మారును. ఈ కలయికకు ప్యాచ్ అని పేరు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో కూర్చున్న ఉద్యోగి ఒక రంధ్రమునుండి మరియొక రంధ్రమునకు తీగ గ్రుచ్చి ఇద్దరి మాటలు కలుపుట మనలో పెద్దలు చూచియే యుందురు. ఇదియు అట్టి తీగయే.

అమెరికాలో రాబర్ట్ మూగ్ న్యూయార్కు రాష్ట్రమునందును, డాన్ బుక్లా శాన్ ఫ్రాన్సిస్కోయందును 1963, 1964 ప్రాంతములలో, ఒకరితో ఒకరికి పొత్తు లేకుండ, ఇట్టి వాద్యములను నిర్మించినారు. మూగ్ పెట్టిన నియమమొకటి నేటికిని చెల్లుచున్నది: ఓల్టేజి ఒక ఓల్టు పెరిగినచో స్వరము ఒక స్థాయి పెరుగును. షడ్జమునుండి పై షడ్జమునకు ఒక ఓల్టు. శుద్ధమైన పంచమమునకు 0.585 ఓల్టు. పియానో పంచమమునకైనచో 0.583. ఈ చిన్న తేడాను మరువవద్దని పాఠకులకు మనవి. దానితో మనకు ముందు పని యున్నది.

ఈ వాద్యము మన దేశమునకు వచ్చిన కథ చాలమందికి తెలియదు. 1946లో న్యూయార్కులో జాన్ కేజ్ అను స్వరకర్తకు హిందూస్థానీ సంగీతము గూర్చి బోధించిన గీతా సారాభాయి గారి స్నేహసంబంధముల ఫలితముగా, 1969లో డేవిడ్ ట్యూడర్ అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థకు వచ్చి అక్కడ మూగ్ వాద్యముతో ఒక శబ్దశాలను నెలకొల్పినాడు. గీతా సారాభాయి, ఐ. ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్. సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా మొదలగువారు 1972 వరకు అందులో పనిచేసినారు. వారు పట్టిన టేపులు అల్మారాలలో దశాబ్దముల తరబడి నిద్రించినవి. పాల్ పర్గస్ అను పరిశోధకుడు వానిని వెలికితీయగా 2023లో ప్రపంచమునకు వినబడినవి. అయితే వినబడినది శబ్దము మాత్రమే. తీగలతో కట్టిన ప్యాచ్ తీగలు ఊడదీసిన నాడే పోవును. కాగితముపై బొమ్మ గీచి పెట్టిననే తప్ప అది ఎట్లు కట్టబడినదో మరియొకరికి చెప్పువారుండరు. ఈ విషయమునకు చివర మరల రావలసియున్నది.

తీగలు తెరమీదికి వచ్చుట

ఈలోగా వేరొక త్రోవన కంప్యూటరు పాడ నేర్చుకొన్నది. 1957లో బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ అను ఇంజనీరు ఐ.బి.ఎం. 704 అను మహాయంత్రముచేత 17 సెకనుల సంగీతఖండమును పలికించినాడు. 1960లో ఆయన తన ప్రోగ్రామును చిన్నచిన్న ఘటకములుగా విడగొట్టినాడు. ఒక ఘటకము ఆసిలేటరు, ఒక ఘటకము కూడిక, ఒక ఘటకము గుణకారము. వానిని కలిపి వాద్యములను అల్లుకొనవచ్చును. పెట్టెలు, తీగలు అను ఊహయే ఇక్కడ అంకెలలోనికి ప్రవేశించినది.

పారిస్ నగరములో పియరీ బూలె నెలకొల్పిన ఇర్కామ్ సంస్థయందు మిల్లర్ పకెట్ అను గణితవేత్త 1980ల చివర ఈ ఊహకు రూపు కట్టినాడు. తెరమీద పెట్టెలు గీయవలెను, పెట్టెలనడుమ గీతలు గీయవలెను, గీసినదే ప్రోగ్రాము. మాథ్యూస్ పేరు మీదుగా దానికి మాక్స్ అని పేరుపెట్టినాడు. ఫిలిప్ మనూరి 1988లో పియానోకు, యంత్రమునకు వ్రాసిన ప్లూటన్ అను కృతికి అది తోడు నిలిచినది. ఆనాడు మాక్స్ స్వయముగా ధ్వని పుట్టించలేదు. 4ఎక్స్ అను వేరొక పెద్ద యంత్రమునకు ఆజ్ఞలు మాత్రము పంపుచుండెను. 1990లో అది అంగడికి వచ్చినది. 1997లో డేవిడ్ జికరెల్లి సంస్థాపించిన సైక్లింగ్ 74 దానికి ధ్వని పుట్టించు శక్తిని చేర్చినది. 2017లో ఏబుల్టన్ ఆ సంస్థను కొన్నది.

పకెట్ తాను 1996లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునందు అదే ఊహను మొదటినుండి తిరిగి వ్రాసి ప్యూర్ డేటా యని పేరిడి ఎల్లరకు ఉచితముగా ఇచ్చివేసినాడు. అదే సంవత్సరము బెర్లినులో నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారు జనరేటర్ అను సాధనమును తెచ్చినారు. తరువాత రియాక్టర్ అను పేరుతో ప్రసిద్ధికెక్కినది అదియే. నాలుగవది చిన్నవాడు. ఆండ్రూ బెల్ట్ అను యువకుడు 2017లో విడుదల చేసిన వి.సి.వి. ర్యాక్. జర్మనీలో డోప్ఫర్ 1995లో తెచ్చిన చిన్నపెట్టెల పద్ధతిని, యూరోర్యాక్ అని వాడుకలోనున్నదానిని, ఇది మరలతో, మీటలతో, వ్రేలాడు రంగురంగుల తీగలతో సహా తెరమీద చూపును.

కంప్యూటరులో తీగ ఎట్లు పుట్టును?

నాలుగు సాధనములకును ఒకే పరీక్ష పెట్టదలచినాను. తంబురకు నాలుగు తీగలు: పంచమము, సారణి, అనుసారణి, మంద్రము. మాష్టారిది ఒకటో శ్రుతి. కావున సారణి, అనుసారణి సెకనుకు 130.8 కంపనములు, మంద్రషడ్జము 65.4, పంచమము 98.1.

తీగను పుట్టించుటకు కెవిన్ కార్‌ప్లస్, అలెగ్జాండర్ స్ట్రాంగ్ అనువారు 1983లో ప్రకటించిన ఉపాయమొకటి యున్నది. అది ఎంత సులభమో అంత అద్భుతము. కంప్యూటరు ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలిచిన అంకెలుగా చూచును. ఒక్కొక్క కొలతను శాంపిలందురు. 44,100ను 130.8 చేత భాగించినచో ఇంచుమించు 337 వచ్చును. కావున 337 గదులు గల ఒక వరుసను తీసికొని, అందు అర్థములేని రొదను నింపవలెను. ఒక్కొక్క గదిలోని అంకెను చదివి, ప్రక్కగది అంకెతో సగటు కట్టి, మరల వరుస చివరకు పంపవలెను. అంతే. ఆ రొద అట్లు చుట్టు తిరిగి తిరిగి, కరకుదనము మొదట పోయి, నున్నదనము మిగిలి, మీటిన తీగవలె మ్రోగి, మెల్లగా అణగును. పై స్వరములు వేగముగా, మంద్రస్వరములు నిదానముగా అణగుట కూడ నిజమైన తీగల తీరుననే యుండును. మాష్టారు కోరిన పుట్టుట, పోవుట రెండును ఇందున్నవి.

ఈ ఉపాయములో ప్రాణమంతయు చక్రములో నున్నది. బయటికి పోయినది తిరిగి లోపలికి రావలెను. నాలుగు సాధనములలో ఏది ఈ చక్రమును ఎట్లు త్రిప్పును? అదియే వాని అసలు స్వభావములను బయటపెట్టిన ప్రశ్న.

నాలుగింటి గుణదోషములు

ప్యూర్ డేటా తెరిచినచో ఎదుట తెల్లని కాగితము తప్ప మరేమియు లేదు. బొమ్మలు లేవు, రంగులు లేవు. పెట్టెలో పేరు వ్రాయవలెను, గీత గీయవలెను. అలంకారములేని ఈ ముఖము చూచి వెనుదిరుగువారు పలువురు. నాకు మాత్రము అది పలక, బలపమువలె తోచినది. అది ధ్వనిని ఒక్కొక్క శాంపిలుగా గాక 64 శాంపిళ్ళ మూటలుగా లెక్కించును. కావున చక్రము తిరిగివచ్చుటకు కనీసము 64 శాంపిళ్ళ కాలము పట్టును. అనగా ఆ పద్ధతిలో సెకనుకు సుమారు 689 కంపనములకు మించిన తీగ పలుకదు. మాష్టారి శ్రుతికి తారస్థాయి దాటి ఆ పై స్థాయిలో మధ్యమమును అందుకొనలేదన్నమాట. తంబురకు అంత ఎత్తుతో పనిలేదు గనుక నాకు ఇబ్బంది కలుగలేదు. సంతూరు చేయదలచినవానికి కలుగును. దానికి విరుగుడును అందులోనే యున్నది. మూటను ఒక శాంపిలుకు తగ్గించు పెట్టె నొకదానిని వాడవచ్చును. అప్పుడు యంత్రమునకు శ్రమ పెరుగును.

మాక్స్ దీనికి అన్నగారు, సంపన్నుడు. తెర అందముగా నుండును. ఏ పెట్టెను తాకినను దాని సహాయపత్రము తెరచుకొనును, ఆ పత్రము కూడ మ్రోగు ప్యాచే. ఇందును ధ్వని మూటలుగానే పోవును. కాని 2011లో వచ్చిన ఆరవ కూర్పునుండి జెన్ అను లోపలిగది యొకటి యున్నది. అందు ప్రతి శాంపిలు విడివిడిగా లెక్కింపబడును. నా తీగను అందు కట్టుటకు ఒక సాయంకాలము పట్టలేదు. దృశ్యములను, దీపములను, నాటకరంగమును ధ్వనితోపాటు నడుపదలచినవారికి మాక్స్‌తో సాటి మరియొకటి లేదు.

ఈ అన్నదమ్ములకొక తేడా చెప్పవలెను. ఒక పెట్టెనుండి రెండు గీతలు బయలుదేరినచో ఏ గీత వెంట ఆజ్ఞ ముందు పోవును? మాక్స్‌లో తెరమీద కుడిప్రక్కనున్నదానికి ముందు, ఎడమప్రక్కనున్నదానికి తరువాత. కనుక అందముకొరకు పెట్టెను ఇటునుండి అటు జరిపినచో పాటయే మారవచ్చును. ప్యూర్ డేటాలోనో, ఏ గీతను మొదట గీచితిమో దానికి మొదట పోవును. అది చూపరికి కనబడదు. అందుచేత అనుభవజ్ఞులు ట్రిగ్గర్ అను పెట్టెనుంచి వరుసను వ్రాసిపెట్టుదురు. ఒకరి ప్యాచ్‌ను మరియొకరు చదువుకొనవలెనన్నచో ఈ అలవాటు తప్పనిసరి.

రియాక్టర్ పొరలుగల ఉల్లిపాయవంటిది. పైపొరలో తయారైన వాద్యములుండును. లోకములోని వాడుకరులు చేసి పంచుకొన్నవి వేలకొలది యున్నవి. ఒక పొర ఒలిచినచో పెట్టెలు, మరియొక పొర ఒలిచినచో కోర్ అను సూక్ష్మలోకము. అందు ప్రతి కూడికయు గుణకారమును మనమే కట్టుకొనవచ్చును. నలుగురిలో నాచెవికి మొదటనే ఇంపుగా మ్రోగినది ఇదియే యని ఒప్పుకొనవలెను. 2015లో వచ్చిన బ్లాక్స్ అను పద్ధతి లోపలికి దిగనొల్లనివారికి పైననే తీగలు కలుపుకొను వెసులుబాటు నిచ్చినది. కాని లోతునకు దిగిన కొలది చెప్పువారు తక్కువ. లోపలిగదులలో నేను దారి తప్పి, వారము తరువాత నా ప్యాచ్‌ను నేనే చదువుకొనలేకపోతిని.

ర్యాక్ ఎదుట నా మనుమరాలిని కూర్చుండబెట్టినాను. పది నిమిషములలో అది ఒక తీగను పట్టి లాగి శబ్దము చేసినది. పుస్తకము చదువకుండ చేతితో నేర్చుకొన దగినది ఇదియొక్కటే. కంటికి కనబడునది అసలు యంత్రము కావున, ఇక్కడ నేర్చినవాడు నిజమైన పెట్టెలముందు కూర్చున్నను తడబడడు. ఒకే తీగలో 16 ధారలు పంపవచ్చును గనుక తంబుర నాలుగు తీగలను ఒక్క తీగతో నడుపవచ్చును. ఇది ధ్వనిని ప్రతి శాంపిలునకు లెక్కించును, మూటలు లేవు. కాని ఒక నియమమున్నది: ఒక పెట్టెనుండి మరియొక పెట్టెకు తీగ కలిపిన ప్రతిచోట ఒక్క శాంపిలు ఆలస్యమగును. సెకనులో 44,100వ భాగము! ఎవరికి పట్టినదనుకొన్నాను.

మాష్టారికి పట్టినది

పుష్యమాసములో నాలుగు తంబురలను ఒక ల్యాప్‌టాప్‌లో పెట్టుకొని మరల విజయనగరము చేరినాను. పేర్లు చెప్పకుండ ఒకదాని తరువాత ఒకటి వినిపించినాను. మాష్టారు కన్నులు మూసికొని వినుచున్నారు. మూడవది మొదలుపెట్టి ఒక నిమిషమైన పిమ్మట చేయెత్తినారు.

"అనుసారణి దిగిందిరా!"

"లేదు మాష్టారూ. రెండింటికీ ఒకే అంకె ఇచ్చాను."

"అంకె సంగతి నాకు తెలియదు. విను. ఊగుతోంది. సారణి నిలబడుతోంది, ఇది దాని చుట్టూ తిరుగుతోంది."

అది ర్యాక్‌లో కట్టిన తంబుర. ఆ రాత్రి ప్యాచ్ తెరచి చూచినాను. అనుసారణి కొంచెము త్వరగా అణగవలెనని, దాని చక్రములో శబ్దము తగ్గించు పెట్టె నొకదానిని నేనే అదనముగా ఇరికించియున్నాను. అదనపు పెట్టె యనగా అదనపు తీగ. అదనపు తీగ యనగా ఒక శాంపిలు ఆలస్యము. 337 గదుల చక్రము 338 అయినది. లెక్క కట్టితిని. 130.8కి బదులు 130.4 పలుకుచున్నది. ఈ రెండును కలిసి మ్రోగినపుడు ఇంచుమించు రెండున్నర సెకనులకొకసారి ధ్వని ఉబ్బి తగ్గును. మాష్టారు చెప్పిన ఊగుట అదియే. తప్పు సాధనముది కాదు, దాని నియమము తెలిసియు లెక్కింపని నాది. ఆ చక్రమునుండి ఒక శాంపిలు తగ్గించితిని, తీగ నిలబడినది.

ఈ సంఘటన నాకొక సంగతి నేర్పినది. అన్ని తీగలకును సమముగా ఒక శాంపిలు పెరిగినను శ్రుతి చెడును. ఎట్లన, షడ్జచక్రములో 337లో ఒకటి, పంచమచక్రములో 449లో ఒకటి. నిష్పత్తులు వేరగుటచేత షడ్జపంచమముల నడుమ దూరమే మారిపోవును. మాక్స్‌లోను ప్యూర్ డేటాలోను పియానో స్వరసంఖ్యలనిచ్చి కంపనములుగా మార్చు పెట్టె యున్నది. దానికి పంచమమునకు 7 అని ఇచ్చినచో పియానో పంచమము వచ్చును. 7.02 అని ఇచ్చిననే మన పంచమము. ర్యాక్‌లోనైనచో 0.583 కాదు, 0.585. ఏ సాధనమును మన శ్రుతిని తనంతతానుగా ఎరుగదు. పొందుపరచిన అలవాటంతయు పియానోది. చెప్పినచో నలుగురును వినుదురు. చెప్పవలసినవాడు చెవిగలవాడు కావలెను.

ధనము, అనుమతి, ఆయుర్దాయము

ఇక ధనము మాట. ప్యూర్ డేటా పూర్తిగా ఉచితము. దాని మూలలిపి ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును. విండోస్, మాక్, లినక్స్ మూడింటిపైనను, అరచేతిలో ఇముడు రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్నయంత్రముల పైనను నడచును. ర్యాక్ మూలలిపియు బహిరంగమే. ఉచితరూపము మూడింటిపైనను నడచును. ఇతర సంగీతసాఫ్టువేరులో ఇమిడి పనిచేయు రూపమును 2021లో వెల పెట్టి విడుదల చేసినారు. అందలి మాడ్యూళ్ళలో ఉచితమైనవియు, అమ్ముడగునవియు గలవు. మాక్స్‌ను వెలయిచ్చి కొనవలెను. అనుమతి లేకున్నను ప్యాచ్‌లను తెరచి మ్రోగించవచ్చును గాని దాచుకొనరాదు. రియాక్టర్‌ను కొనవలెను. తయారైన వాద్యములను వాయించుటకు మాత్రము ఉచితమైన ప్లేయర్ కలదు. ఈ రెండును విండోస్, మాక్ యంత్రములపైననే నడచును.

కాని వెలకంటె పెద్ద ప్రశ్న ఆయుర్దాయము. ఇప్పుడు అహమ్మదాబాదు కథకు తిరిగి వచ్చెదను. అక్కడ శబ్దము మిగిలినది, వాద్యపు కట్టు మిగులలేదు. సాఫ్టువేరు ప్యాచ్‌నైనచో దాచుకొనవచ్చును గదా యందుము. దాచినదానిని తెరచు తాళపుచెవి యెక్కడ? ప్లూటన్ కృతినే చూడుడు. 4ఎక్స్ యంత్రము మూలబడినది. ఆ కృతిని తరువాతి యంత్రములకు మార్చవలసివచ్చినది. చివరకు పకెట్ దానిని తన ప్యూర్ డేటాలో తిరిగి కట్టి, యంత్రములు మారినను పాత కృతులు బ్రతికియుండవలెనని పూనుకొన్న ఒక కృతిభండారములో చేర్చినాడు. పియానో భాగము కాగితముపై నున్నది గనుక దానికి ఏ చిక్కును లేదు. యంత్రభాగమును మాత్రము తరము తరమునకు ఎవరో ఒకరు మోసికొనిపోవలెను.

ఈ దృష్టితో చూచినచో, ప్యూర్ డేటా దాచు దస్త్రము సామాన్యలిపి. ఏ పెట్టె ఎక్కడ, ఏ గీత దేనినుండి దేనికి అనుట వరుసగా వ్రాసియుండును. సాధనమే లేకపోయినను ఓపికగలవాడు చదివి మరల కట్టగలడు. మాక్స్ దస్త్రమును 2008నుండి చదువదగిన లిపియే. ర్యాక్ రెండవకూర్పు దస్త్రము మూటకట్టి యుండును గాని, విప్పినచో లోపల లిపియే కనబడును. రియాక్టర్ దస్త్రము మాత్రము రియాక్టర్‌కే తెలియును.

నన్నెవరైన అడిగినచో ఇట్లు చెప్పుదును. తీగలాటగా మొదలుపెట్టదలచిన పిల్లలకు ర్యాక్. వేదికపై నాట్యముతో, దృశ్యముతో కలిసి ప్రదర్శించువారికి, కొనగల స్తోమతున్నచో, మాక్స్. ఇంటిలో కూర్చుండి మంచి శబ్దములు త్వరగా కావలసిన స్వరకర్తకు రియాక్టర్. తాను చేసినది తన తరువాతివాడు విప్పి చూడవలెననుకొన్నవానికి, చేతిలో రూకలు లేని విద్యార్థికి ప్యూర్ డేటా.

దారపు పోగు

మాష్టారి యింట పెట్టివచ్చినది ప్యూర్ డేటా తంబురయే. మనవడు పక్కన పెట్టేసిన పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి, ఒక మీట నొక్కినచో మ్రోగునట్లు అమర్చినాను. మాష్టారు మీట నొక్కించుకొని, కొంతసేపు విని, మెల్లగా గొంతు కలిపినారు. గొంతు వణికినది గాని షడ్జము వణకలేదు. నాలుగు ఆవృత్తములు పాడి ఆగినారు.

"బాగుందిరా. పుడుతోంది, పోతోంది. కాని జీవ లేదు."

జీవ యనగా నేమో చెప్పవలెను. తంబుర తీగలు ఆనియుండు గుర్రముపై, తీగక్రింద, సన్నని దారపు పోగు నొకదానిని దూర్చుదురు. తీగ కంపించునపుడు ఆ గుర్రపు వంపును తాకుచు విడుచుచుండును. అందుచేత పై అనుస్వరములు ఒకదాని వెనుక నొకటి మేల్కొని తేనెటీగల రొదవలె లేచును. నా 337 గదుల చక్రమునకు గుర్రములేదు, వంపులేదు, తాకుట లేదు. తీగ ఎంత బలముగా ఊగినను ఒకే తీరున అణగును. అసలు తీగ బలముగా ఊగినపుడు ఒకరీతిని, అణగినపుడు ఒకరీతిని గుర్రమును తాకును. ఆ తేడాను కట్టుట సగటుతో అగునది కాదు.

ఆ మాట చెప్పినాను. మాష్టారు లేచి, గోడ పట్టుకొని మూలకు పోయి, తంబుర గవిసెన విప్పించినారు. అనుసారణి క్రిందనున్న దారపు పోగును తీయించి నా అరచేతిలో పెట్టినారు. తెల్లదారము, అంగుళము కంటె తక్కువ, మధ్య నలిగి నల్లబడినది.

"ఇది నీ పెట్టెల్లో ఎక్కడ పెడతావో చూడు. తొందర లేదు. అందాకా దీంతో పాడుకుంటాను" అన్నారు.

ఆ పోగు ఇప్పుడు నా బల్లమీద, కంప్యూటరు ప్రక్కన, చిన్న సీసాలో నున్నది. ప్యాచ్‌లో సగటు పెట్టెకును తిరుగు గీతకును నడుమ ఖాళీపెట్టె నొకటి గీచి, దానిలో 'దారము' అని వ్రాసిపెట్టినాను. అందులోనికి వచ్చినది వచ్చినట్లే బయటికి పోవుచున్నది. ఉగాదికి మరల విజయనగరము పోవలసియున్నది.